మట్టిని ఉతకడం

కాటేదాన్ల డ్రమ్ములు కడిగే షెడ్డు వెనక నుంచి
మూడు గోనె సంచుల మన్ను వచ్చింది.
ఇంకో బకెట్ల నాలా అడుగు బురద.
ముక్కు దగ్గర పెట్టుకోకు, అన్నది జమీలా మేడం.
అప్పటికే పెట్టుకున్న.
డీజిలు, పాత గ్రీజు,
ఎవరో రాత్రిపూట ఒంపిపోయిన పేరు తెలియనిది ఏదో.

గాజు గొట్టంల మన్ను నింపి
పైనుంచి సబ్బునీళ్లు చుక్క చుక్క వదులుతం.
దుకాణంల దొరికే సబ్బు కాదు, కానీ బుద్ధి అదే:
ఒక కొస నీళ్ల దిక్కు, ఒక కొస నూనె దిక్కు.
రెండిళ్ల పంచాయితీల కూసున్న పెద్దమనిషి లెక్క
ఇటొక మాట, అటొక మాట.

మొదటిరోజు కింది బీకర్ల
వట్టి నీళ్లు.
నూనె రాలేదు సరే,
పోసిన సబ్బు గూడ రాలేదు.
రెండోరోజు అంతే.
పంపు ఆగిందేమోనని లేచి లేచి చూసిన.
పంపు మంచిగనే ఉన్నది.
మన్నే తాగుతున్నది.

పురానాపూల్ కాడ ఇస్త్రీ బండి మీద
బొగ్గులు ఊదుకుంట మా నాయిన సాయిలు నవ్విండు:
కోరా బట్ట గంతే బిడ్డా,
ముందు తను తింటది,
తిన్నంక మిగిలిందే మురికికి పెడ్తది.

ఈ మాటకు మేడం నోట్‌బుక్కుల
రెండు పేజీల గీతలున్నయి.

నల్లరేగడి మరీ ఆశబోతు.
దాని పొరలు పుస్తకం కాగితాల లెక్క,
ఒక్కో కాగితం నడుమ సబ్బు పోయి పండుకుంటది.
పండుకున్నది ఊకుంటదా?
తోక బయట పెట్టి
పోయే నూనెను రా రా అని పిలుస్తది.
దొంగను పట్టుకరమ్మని పంపినోడే
దొంగకు ఇల్లు కిరాయికిచ్చిండు.

బోరునీళ్లు కలిపి చూసినం ఒకసారి,
పాలు విరిగినట్టు విరిగింది.
తెల్లటి తరకలు గొట్టం గోడలకు.
ఆ రోజు ఎవరం మాట్లాడలే.

ఇంకింత పొయ్యి, అన్నది మేడం. లెక్క దాటాలె.
దాటేదాక సబ్బుల ఎవరి దారి వాళ్లదే.
దాటినంక తోకలన్నీ లోపటికి, తలలన్నీ బయటికి,
బంతిపువ్వు లెక్క ముడుచుకుంటయి.
ఆ పువ్వు కడుపుల నూనె కూసుంటది,
నీళ్లు పల్లకి మోసినట్టు మోసుకుపోతయి.

ఎర్రదుబ్బ రెండు పూటలల్ల ఒప్పుకుంది.
రేగడి ఒప్పుకోలే.
ఆరోరోజు ఉబ్బింది,
ఉబ్బి గొట్టమంత బిగిసింది,
పైన సబ్బునీళ్లు నిలబడ్డయి,
కింద చుక్క లేదు.
నాలా బురద సంగతి చెప్పనే వద్దు,
అది కరిగి నీళ్లతోని కలిసి
తనే మురికైంది.

మా తాత కాలంల సబ్బెక్కడిది?
చవుడు మన్ను తవ్వుకొచ్చి
బట్టలకు పట్టించి, బానల పెట్టి,
కింద పొయ్యి ముట్టించి, మూసీ బండ మీద గుంజితే
ఊరందరి మైల వదిలేది.
ఆ చేతులకు మాత్రం మైల అనే పేరు
ఏ చవుటితోని పోలే.
మన్నుతోని ఉతికినోళ్ల బిడ్డను నేను,
తెల్లకోటు తొడుక్కొని
మన్నునే ఉతుకుతున్న.

పదకొండోరోజు
బీకర్ల బియ్యం కడిగిన నీళ్ల రంగు దిగింది.
వాసన చూసిన, మేడం చూడనప్పుడు.
అదే. డీజిలు.
పండుగ లెక్క అనిపించింది, చాయ్ తెప్పించుకున్నం.
నూనెల సగానికి కొంచెం ఎక్కువ వచ్చిందట,
పోసిన సబ్బుల మూడోవంతు మన్నుల్నే ఉండిపోయిందట.
మేడం రెండూ ఒకే సిరాతోని రాసింది.

రాత్రి అన్నం కాడ నాయినకు చెప్పిన.
ముద్ద చేతుల ఆగింది.
మంచిగున్నది బిడ్డా.
మరి ఆ ఉతికిన నీళ్లేడ పారబోస్తరు?

బల్ల కింద నల్ల డబ్బాలు, నాలుగు.
పైన నా రాతల తారీఖులు.
మూతలు బిగించే ఉన్నయి.
తీస్కపోతమన్న బండి
ఇంకా రాలే.